చలికాలంలో వాననీటి సొరంగంలోకి వెళ్లాలంటే: మినియాపొలిస్, సెయింట్ పాల్ పాఠకుల కోసం భద్రతా క్రమం

మినియాపొలిస్, సెయింట్ పాల్ నగరాల్లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారు చలికాలం రాగానే తరచూ ఒక ప్రశ్న అడుగుతున్నారు. ఇక్కడ డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పడేది దాదాపు మంచే కాబట్టి, నగరం కింద ఉన్న వాననీటి సొరంగాల్లోకి ఆ నెలల్లో వెళితే వరద భయం ఉండదు కదా అన్నది ఆ ప్రశ్న. ఫోటోల కోసం అడిగేవారూ ఉన్నారు, నీటి వనరుల ఇంజినీరింగ్ చదువుతూ ప్రాజెక్టు పని మీద అడిగేవారూ ఉన్నారు. అందరికీ ఒకే చోట వివరంగా జవాబు చెప్పాలని ఇది రాస్తున్నాను.

వరద భయం ఉండదు అన్న మాట నిజం కాదు. చలికాలంలో నీరు రావడం ఆగిపోదు, వచ్చే వేళ మాత్రమే మారుతుంది. మంచు కరగని రోజు అంటే ఎముకలు కొరికే చలి రోజు కాబట్టి, నీటి వైపు నుంచి కాస్త నిశ్చింతగా ఉండే రోజే చలి వైపు నుంచి అత్యంత ప్రమాదకరమైన రోజు అవుతుంది. ఈ రెండింటి మధ్య మిగిలే వెసులుబాటు చాలా తక్కువ. కింద చెప్పే క్రమమంతా ఆ కొద్దిపాటి వెసులుబాటును గుర్తించడానికి, అది లేనప్పుడు ఇంటికి తిరిగి వెళ్లిపోవడానికి ఉద్దేశించినది.

నగర ప్రజాపనుల విభాగం నుంచి రాతపూర్వక అనుమతి ఉన్నవారు ఈ క్రమాన్ని తమకిచ్చిన నిబంధనలతో పాటు పాటించాలి. అనుమతి లేనివారు ఐదో మెట్టు దగ్గర ఆగిపోవాలి. వారు చేయగలిగినవి చివర చెప్పాను. సొరంగం నదిలోకి తెరుచుకునే చోటును ఇక్కడ సొరంగ ముఖం అంటాను.

చలికాలంలో నీరు ఎక్కడి నుంచి వస్తుంది

నాలుగు దారులు గుర్తుంచుకుంటే చాలు. మొదటిది ఎండ: గాలి ఉష్ణోగ్రత సున్నా కంటే తక్కువగా ఉన్నా నల్లటి తారు రోడ్డు ఎండకు వేడెక్కి దాని మీది మంచును కరిగిస్తుంది. రెండోది ఉప్పు: రోడ్ల మీద చల్లే మామూలు ఉప్పు సుమారు మైనస్ 9 డిగ్రీల సెల్సియస్, అంటే 15 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా మంచును కరిగించగలదు కాబట్టి, ఫోనులో మైనస్ 5 కనిపిస్తున్నా డ్రెయిన్లలోకి నీరు దిగుతూనే ఉండవచ్చు. మూడోది గడ్డకట్టిన నేల మీద పడే వాన. వేసవిలో నేల కొంత నీటిని పీల్చుకుంటుంది, గట్టిగా గడ్డకట్టిన నేల పీల్చుకోదు, అందువల్ల చిన్న వాన కూడా దాదాపు మొత్తంగా సొరంగంలోకే చేరుతుంది. ఇది ఎప్పుడో జరిగే వింత అనుకోవద్దు. 2021 డిసెంబరు 15న మిన్నెసోటాలో అకాల వెచ్చదనంతో పాటు, ఆ రాష్ట్ర రికార్డుల్లో డిసెంబరు నెలకు మొదటిదైన టోర్నడో కూడా వచ్చింది. 2023 క్రిస్మస్ నాడు ఈ జంట నగరాల్లో మంచుకు బదులు వాన కురిసింది.

నాలుగో దారిని చాలామంది మరచిపోతారు. వీధి పక్క డ్రెయిన్ల మీది ఇనుప జాలీలను మంచు, ఆకులు మూసివేసినప్పుడు వాటి వెనక నీరు మడుగు కడుతుంది. ఆ అడ్డు ఒక్కసారి తొలగితే మడుగంతా ఒకేసారి కిందికి దిగుతుంది. అలాంటప్పుడు వాతావరణ సూచనలో ఏ హెచ్చరికా ఉండదు.

ఎంత నీరో తెలియాలంటే ఒక చిన్న లెక్క చూడండి. ఒక హెక్టారు మీద ఒక మిల్లీమీటరు నీరు కరిగితే అది 10 ఘనమీటర్లు అవుతుంది. వంద హెక్టార్ల వీధులు, పైకప్పులు ఒకే సొరంగంలోకి పారుతున్నప్పుడు 5 మిల్లీమీటర్లు కరిగిందంటే 5,000 ఘనమీటర్లు, అంటే మన ఊళ్లో ఎండాకాలం తిరిగే 10,000 లీటర్ల నీళ్ల ట్యాంకర్లు ఐదు వందలు. అంత నీరు మీరున్న గొట్టం గుండానే నదికి పోవాలి.

కావలసినవి

అనుమతి పత్రం, ఆ సొరంగం పటం. పటం లేకుండా వెళ్లడాన్ని నేను ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోను.

లోపలికి కనీసం ముగ్గురు, బయట ఒకరు. లోపల ఇద్దరే ఉంటే ఒకరికి కాలు విరిగినప్పుడు రెండోవారు సాయం కోసం బయటికి వెళ్లాలా, గాయపడినవారి దగ్గర ఉండాలా అన్న చిక్కు వస్తుంది.

నాలుగు వాయువులను కొలిచే గ్యాస్ డిటెక్టర్, అంటే ఆక్సిజన్, మండే వాయువులు, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్ కొలిచేది. దాని కాలిబ్రేషన్, అంటే కొలతలు సరిగా ఉన్నాయా అని చేసే సరిచూపు, గడువు దాటి ఉండకూడదు. కొనడం ఖరీదైన పని కాబట్టి భద్రతా పరికరాలు అద్దెకిచ్చే దుకాణాల్లో తీసుకోవచ్చు.

హెల్మెట్, దానికి బిగించిన లైటు, మనిషికి మరో రెండు లైట్లు, అదనపు బ్యాటరీలు. ఫోను టార్చిని లైటుగా లెక్కించవద్దు.

ఉన్ని లేదా సింథటిక్ లోదుస్తులు, నీరు చొరని పై దుస్తులు, పట్టు బాగా ఉన్న రబ్బరు బూట్లు. నూలు బట్టలు, జీన్సు వద్దు, తడిస్తే అవి ఒంటి వేడిని లాగేస్తాయి. ఛాతీ దాకా వచ్చే వేడర్లు (బూట్లతో కలిసి ఉండే, నీరు చొరని ప్యాంట్లు) వేసుకుంటే నడుముకు బెల్టు బిగించాలి. తొడల దాకా వచ్చే వదులు బూట్లు మాత్రం వేసుకోవద్దు, పడిపోతే వాటిలో నీరు నిండి లేవనివ్వవు.

మీ ఎత్తున్న గట్టి కర్ర, విజిల్, నీరు చొరని సంచిలో ఒక పూర్తి జత పొడి బట్టలు, సాక్సులు, చేతి తొడుగులు, థర్మాస్‌లో వేడి తీపి పానీయం, ప్రథమ చికిత్స పెట్టె.

1. అనుమతి, ఉద్దేశం ఖరారు చేసుకోండి

అనుమతి లేకుండా దిగడం చట్టరీత్యా అతిక్రమణ. విద్యార్థి వీసాపైన, ఉద్యోగ వీసాపైన ఉన్నవారికి చిన్న కేసు అయినా తర్వాతి దరఖాస్తుల్లో ప్రతిసారీ జవాబు చెప్పుకోవలసిన విషయంగా మిగులుతుంది. అంతకంటే పెద్ద కారణం మరొకటి ఉంది. అనుమతితో వెళ్లినవారు లోపల ఉన్నారని నగర సిబ్బందికి తెలుసు కాబట్టి ఆ వేళ వారు పైనుంచి నీరు వదలరు, మూతలు బిగించరు. విశ్వవిద్యాలయ ప్రాజెక్టు అయితే మీ శాఖ ద్వారానే అడగండి. సొంతంగా రాసిన ఈమెయిలు కంటే దానికి విలువ ఎక్కువ.

2. పటం మీద మూడు విషయాలు గుర్తించండి

మొదట ఆ సొరంగంలోకి ఏయే వీధుల నీరు వస్తుందో చూడండి, ఎందుకంటే మీరు వాతావరణం చూడవలసింది సొరంగ ముఖం దగ్గర కాదు, ఆ వీధుల మీద. తరువాత నిలువు బావులు ఎక్కడున్నాయో చూడండి. మినియాపొలిస్ నడిబొడ్డున సున్నపురాతి పొర కింద, సెయింట్ పీటర్ అనే ఇసుకరాతి పొరలో తొలిచిన లోతైన సొరంగాలు కొన్ని చోట్ల నేలకు 20 మీటర్లకు పైగా కింద ఉన్నాయి. వీధి నీరు వాటిలోకి నిలువు బావుల గుండా పడుతుంది. అలాంటి బావి కింద నిలబడవద్దు, పైగొట్టం వైపు నుంచి దాని అంచుకు పోవద్దు.

మూడోది బయటికి వచ్చే దారులు. చలికాలంలో మ్యాన్‌హోల్‌ను దారిగా లెక్కించకండి. ఇనుప మూత బరువైనది, దాని అంచులో నీరు గడ్డకడితే ఎంత నెట్టినా కదలదు. పైన మంచు తోసే బండి పోసిన కుప్పో, ఆపి ఉంచిన కారో ఉండవచ్చు. బావి గోడకున్న ఇనుప మెట్లను ఏళ్ల తరబడి ఉప్పునీరు తినేసి ఉంటుంది కాబట్టి చూడడానికి బాగున్నా బరువు ఆనించగానే ఊడిరావచ్చు. అంటే వచ్చిన దారే మీకు వెళ్లే దారి. నీరు తోసుకువస్తే ఎక్కడానికి ఎత్తయిన పక్క గదులు పటంలో ఉంటే వాటినీ గుర్తించండి. ఆ ఒక్క దారిని ఏది మూసివేయగలదు అన్న ప్రశ్నతో మిగతా మెట్లన్నీ చదవండి.

3. వెళ్లాలా వద్దా: ఇంటి దగ్గరే నిర్ణయించండి

ఈ నిర్ణయం సొరంగ ముఖం దగ్గర నిలబడి తీసుకునేది కాదు. అంత దూరం వచ్చాక, పరికరాలన్నీ తగిలించుకున్నాక, వెనక్కి పోదామని చెప్పడానికి ఎవరికీ మనసు ఒప్పదు. అందువల్ల ముందు రాత్రి ఒకసారి, బయలుదేరే ముందు మరోసారి జాతీయ వాతావరణ సేవ ఇచ్చే గంటలవారీ సూచన తెరిచి కింది వాటిని కాగితం మీద రాసుకోండి.

గడిచిన 24 గంటల్లో, రాబోయే 12 గంటల్లో ఉష్ణోగ్రత ఒక్క గంటైనా మైనస్ 9 డిగ్రీల సెల్సియస్ దాటి పైకి పోతుందా? దాటితే ఉప్పు పని చేస్తుంది, నీరు దిగుతుంది. సున్నా దాటుతుందా? దాటితే ఆ రోజు ఆలోచనే మానుకోండి.

వాన, గడ్డకట్టే వాన, వాన కలిసిన మంచు, ఈ మూడింటిలో దేనికైనా సూచనలో చోటు ఉందా? శాతం ఎంత తక్కువైనా వెళ్లవద్దు. వాన పడితే డ్రెయిన్లు వద్దు అన్నది సొరంగాల్లో తిరిగే అనుభవజ్ఞులు దేశదేశాల్లో పాటించే నియమం, దానికి చలికాలంలో మినహాయింపు లేదు.

డ్యూ పాయింట్, అంటే గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత, ఎంత? అది సున్నాకు పైన ఉంటే గాలిలోని తేమ మంచు మీద నీరై చేరుతూ వేడిని వదులుతుంది, మబ్బు పట్టిన రాత్రి కూడా మంచు వేగంగా కరుగుతుంది. ఎండ లేదు కాబట్టి కరగదు అనుకునేవారు పొరబడేది ఇక్కడే.

గత మూడు రోజుల్లో భారీగా మంచు కురిసి, ఇంకా రోడ్ల పక్కనే ఉందా? ఉంటే కరగడానికి సిద్ధంగా ఉన్న నీరు మీ నెత్తి మీద ఉన్నట్టే.

చివరగా విండ్ చిల్, అంటే గాలి వేగం కూడా కలిసి ఒంటికి తగిలే చలి, చూడండి. చలి హెచ్చరిక జారీ అయి ఉంటే వెళ్లవద్దు. నీటి కోసం చూసిన లెక్కలన్నీ అనుకూలంగా వచ్చిన రోజునే ఈ ఒక్కటీ అడ్డు వచ్చే అవకాశం ఎక్కువ. ఆ అడ్డును కూడా మిగతావాటితో సమానంగా గౌరవించండి.

పైవాటిలో ఏ ఒక్కటి ప్రతికూలంగా ఉన్నా ప్రయాణం రద్దు. నాలుగు అనుకూలం, ఒకటి ప్రతికూలం, సర్దుకుపోదాం అనే లెక్క ఇక్కడ లేదు. అన్నీ కుదిరితే తెల్లవారాక తొందరగా వెళ్లి పగలు 11 గంటలకల్లా బయటికి రండి. ఎండ కరిగించిన నీరు మధ్యాహ్నం తర్వాత పెరుగుతుంది, వీధుల నుంచి సొరంగానికి చేరడానికి మరికొంత సమయం పడుతుంది. బయట ఎండ దిగాక కూడా లోపల నీరు పెరగడానికి ఇదే కారణం.

వాతావరణం ఎంత వేగంగా మారగలదో చెప్పడానికి ఇదే ఊరి ఘటన ఒకటి ఉంది. 2007 జులై 26న సెయింట్ పాల్‌లో వాననీటి సొరంగం మరమ్మతు చేస్తున్న కార్మికుల్లో ఇద్దరు అకస్మాత్తుగా కురిసిన వాన నీటిలో కొట్టుకుపోయి మరణించారు. వారు పని తెలిసినవారు, అది వారి రోజువారీ వృత్తి. అది వేసవిలో జరిగింది కదా అని పక్కన పెట్టకండి. నీరు వచ్చేది ఎండాకాలమైనా చలికాలమైనా ఆ గొట్టం గుండానే.

4. బయట ఉండే మనిషికి బాధ్యత అప్పగించండి

బయట ఉండేవారు కారులో పడుకుని వేచి ఉండేవారు కాదు. వారి చేతిలో సొరంగం పటం, లోపలికి వెళ్లినవారి పేర్లు, తిరిగి రావలసిన గడియ కాగితం మీద ఉండాలి. లోపల ఫోను సిగ్నల్ ఉండదు కాబట్టి ఆ గడియే మీ మధ్య ఉన్న ఏకైక ఒప్పందం. అది దాటి 30 నిమిషాలైతే 911కు ఫోను చేయాలి. లోపలికి వెళ్లి చూసి వస్తాను అనకూడదు. ఆకాశం నుంచి ఒక్క చినుకు పడినా, వీధి అంచున నీరు పారడం కనిపించినా సొరంగ ముఖం దగ్గర విజిల్ మూడుసార్లు ఊదాలి. అయితే ఆ శబ్దం దూరం వినిపించదు. కాబట్టి మొదటిసారి వెళ్లేవారు విజిల్ వినిపించే దూరం దాటి లోపలికి పోకూడదని నా అభిప్రాయం.

కారు ఇంజను నడుపుతూ వేచి ఉండాలనుకుంటే సొరంగ ముఖానికి, జాలీలకు దూరంగా ఆపండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి పోతుంది.

5. సొరంగ ముఖం దగ్గర మంచును పరీక్షించండి

చాలా ముఖాలు మిసిసిప్పి ఒడ్డున తెరుచుకుంటాయి. ఒడ్డు నుంచి ముఖానికి గడ్డకట్టిన నది మీదుగా నడిచే ఆలోచన చేయవద్దు. మిన్నెసోటా సహజ వనరుల శాఖ నడవడానికి కనీసం 4 అంగుళాల గట్టి, కొత్త, పారదర్శకమైన మంచుగడ్డ ఉండాలంటుంది, ఏ మంచూ పూర్తిగా భద్రం కాదని కూడా అంటుంది. సొరంగం నుంచి వచ్చే నీరు నది కంటే వెచ్చగా, ఉప్పగా ఉంటుంది కాబట్టి సరిగ్గా ఆ ముఖం ముందే మంచు అతి పలుచగా ఉంటుంది. పైన తాజాగా కురిసిన మంచు పరుచుకుని ఉండడం వల్ల ఆ తేడా కంటికి కనబడదు.

తరువాత తల ఎత్తి చూడండి. ముఖం పైకప్పుకు వేలాడే మంచుకత్తులు మనిషి ఎత్తు కూడా పెరుగుతాయి, కాస్త ఎండ తగిలితే విరిగిపడతాయి. అవి నీ మీద పడవులే అని ఎవరైనా అన్నా వాటి కింద నిలబడవద్దు.

ఆపైన కర్రతో నేలను తడుతూ చూడండి. నీటి మట్టం ఎక్కువగా ఉన్నప్పుడు గడ్డకట్టి, తర్వాత మట్టం తగ్గితే పై పొర మంచు పలకలా గాలిలో మిగిలిపోతుంది. డొల్ల శబ్దం వస్తే దాని కింద ఖాళీ ఉన్నట్టే. ముఖాన్ని సగానికి పైగా మంచు మూసి ఉంటే లోపలికి వెళ్లవద్దు. వెనక నీరు ఎత్తు పెరుగుతున్నా మీకు తెలియదు, ఆ మంచు కదిలితే మీరు బయటికి రాలేరు.

అనుమతి లేనివారు ఇక్కడితో ఆగాలి.

6. గాలిని పరీక్షించండి

డిటెక్టర్‌ను స్వచ్ఛమైన గాలిలో, నడుస్తున్న కార్లకు దూరంగా ఆన్ చేసి సున్నా చేయండి. కారు పక్కన నిలబడి సున్నా చేస్తే ఆ పొగనే అది మంచి గాలిగా లెక్కిస్తుంది, లోపల ప్రమాదం ఉన్నా తక్కువ చూపుతుంది. చలికి గడ్డకట్టిన పరికరాన్ని వెచ్చటి తేమ సొరంగంలోకి తీసుకుపోతే సెన్సార్ల మీద తేమ పేరుకుంటుంది. దారిలో దాన్ని కోటు లోపల ఉంచుకుని, లోపలికి అడుగు పెట్టే ముందు బయట తగిలించుకోండి.

లోపల నేలకు దగ్గరగా, నడుము ఎత్తున, తల ఎత్తున మూడు చోట్లా రెండేసి నిమిషాలు ఉంచి చూడండి. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గినా, 23.5 శాతానికి మించినా, మండే వాయువు పేలుడు దిగువ హద్దులో, అంటే మంట అంటుకోవడానికి చాలినంత కనీస మోతాదులో, 10 శాతానికి చేరినా, హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో 10), కార్బన్ మోనాక్సైడ్ 35 పీపీఎం చేరినా మొత్తం బృందం బయటికి రావాలి. ఇది వాననీటి సొరంగం కదా, మురుగు కాదు కదా అన్న ధైర్యం పనికిరాదు. కుళ్లిన ఆకుల నుంచి, దొంగచాటుగా కలిపిన మురుగు గొట్టాల నుంచి ఈ వాయువులు వస్తాయి.

చలికాలానికే ప్రత్యేకమైన మరో ప్రమాదం ఇళ్లకు గొట్టాల్లో వచ్చే వంటగ్యాసు, అంటే సహజవాయువు. భూమిలోని గ్యాసు గొట్టం కారితే మామూలుగా ఆ గ్యాసు నేల గుండా పైకి లేచి గాలిలో కలిసిపోతుంది. నేల పైపొర గడ్డకట్టినప్పుడు పైకి దారి లేక అది పక్కలకు పాకి డ్రెయిన్లలో, నేలమాళిగల్లో చేరుతుంది. గ్యాసు వాసన ఇసుమంత తగిలినా వెనుదిరిగి, దూరంగా వెళ్లి 911కు చెప్పండి.

వాసనను కొలతగా నమ్మవద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం దగ్గర ముక్కును మొద్దుబరుస్తుంది, కుళ్లిన గుడ్ల వాసన పోయింది కాబట్టి గాలి బాగుపడిందని అనుకునేలా చేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు అసలు వాసనే లేదు. 2004లో సెయింట్ పాల్ నది ఒడ్డు ఇసుకరాతి గుహల్లోకి వెళ్లిన ముగ్గురు పిల్లలు దాని వల్లే చనిపోయారు. గాలి వీస్తోంది కదా అన్నదీ హామీ కాదు. చలికాలంలో లోపలి వెచ్చటి గాలి పైరంధ్రాల గుండా పోతూ ముఖం నుంచి చల్లగాలిని లాగుతుంది, కానీ పక్క గొట్టంలో, గుంటలో నిలిచిన గాలి కదలదు.

7. లోపల నడక

డిటెక్టర్ ముందు నడిచేవారి దగ్గర ఉండాలి, అది ఆగకుండా పనిచేస్తూ ఉండాలి. లోపలికి రాగానే గోడ మీద నీటి మట్టం దగ్గర సుద్దతో గీత పెట్టి వేళ రాయండి. పావుగంటకొకసారి ఆగి మళ్లీ గీత పెట్టండి. తిరుగుదారిలో ఏ గీతనైనా నీరు దాటి ఉంటే అది నీరు పెరుగుతున్నదనడానికి సాక్ష్యం. కంటి అంచనాకు ఈ మార్పు దొరకదు, అందుకే గీత తప్పనిసరి.

వేగంగా పారే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా పెద్దవారిని పడదోయగలదు. గొట్టం అడుగున నాచు ఉంటే అంత కూడా అక్కర్లేదు. నీరు చీలమండ దాటితే ముందుకు పోవద్దు. పారుతున్న నీటి మధ్యలో కాకుండా పక్కగా, అడుగు ఎత్తి వేయకుండా జరుపుతూ నడవండి.

లోతైన సొరంగంలో గాలి చలికాలమంతా 8 నుంచి 10 డిగ్రీల మధ్య ఉండవచ్చు. బయటి మైనస్ 15 నుంచి వచ్చినవారికి అది హాయిగా అనిపిస్తుంది, కోటు విప్పడం ఆలస్యం చేస్తారు, చెమట పడుతుంది. చెమటతో తడిసిన లోదుస్తులతోనే మళ్లీ మైనస్ 15లోకి వెళ్లాలి. కాబట్టి చెమట పట్టేలోపే ఒక పొర తీసి సంచిలో పెట్టండి, నెమ్మదిగా నడవండి.

నీటిలో పడితే ఏమవుతుందో తెలిసి ఉండాలి. కెనడా శాస్త్రవేత్త గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పే 1-10-1 లెక్క గుర్తు పెట్టుకోండి: మొదటి ఒక నిమిషం ఊపిరి అదుపు తప్పుతుంది, తర్వాత పది నిమిషాలు మాత్రమే చేతులు కాళ్లు చెప్పిన మాట వింటాయి, సుమారు గంటలో చలికి స్పృహ పోతుంది. లేచి నిలబడ్డాక ముందుకు పోయే మాట లేదు, బృందమంతా వెంటనే బయటికి.

పావుగంటకొకసారి అందరూ బొటనవేలితో చిటికెనవేలిని తాకండి. తాకలేనివారు ఉంటే, మాట ముద్దగా వస్తుంటే, చీటికిమాటికి చిరాకు పడుతుంటే, తడబడుతుంటే అది చలి లోపలికి దిగిన గుర్తు. వణుకు ఆగిపోవడం కోలుకోవడం కాదు, పరిస్థితి విషమించడం.

8. వెంటనే వెనుదిరగవలసిన గుర్తులు

దూరం నుంచి హోరు వినిపించడం, గాలి దిశ హఠాత్తుగా మారడం లేదా చెవుల్లో ఒత్తిడి అనిపించడం, తేట నీరు బురదగా మారడం, ఆకులు చెత్త కొట్టుకురావడం, మంచు ముక్కలు తేలుతూ రావడం. మొదటిది కనిపించగానే తిరగాలి, రెండోదాని కోసం చూడకూడదు. నిండుతున్న సొరంగంలో గాలి ఇరుక్కుని ఎంత బలంగా తోస్తుందో మినియాపొలిస్‌వారికి తెలుసు. పెద్ద వానలకు ఐ-35డబ్ల్యూ రహదారి కింది సొరంగం నుంచి నీరు మ్యాన్‌హోల్ గుండా రోడ్డు మీదికి స్తంభంలా ఎగసిన సందర్భాలు ఉన్నాయి.

నీరు అప్పటికే తోసుకువస్తుంటే పరుగెత్తవద్దు, పడిపోతారు. దగ్గరలో ఎత్తయిన పక్క గది ఉంటే అక్కడికి ఎక్కండి. పటంలో అవి ఎక్కడున్నాయో రెండో మెట్టులోనే గుర్తించి ఉండాలి.

ఒకరు కూలిపోతే

గాలి చెడి ఒకరు కూలిపోతే మిగతావారు బయటికి వచ్చి 911కు చెప్పాలి. ఈ వాక్యం రాయడం కష్టంగా ఉంది, చదవడమూ కష్టమే, కానీ దీనికి ప్రత్యామ్నాయం లేదు. మూసి ఉన్న చోట్ల మరణించినవారిలో 60 శాతానికి పైగా కాపాడబోయినవారేనని అమెరికా ఆక్యుపేషనల్ భద్రతా పరిశోధన సంస్థ ఎన్‌ఐఓఎస్‌హెచ్ 1986లో హెచ్చరించింది. మనకు తెలిసిన ఉదాహరణ ఉంది. 2015 నవంబరులో కోళికోడ్‌లో మ్యాన్‌హోల్‌లో చిక్కుకున్న ఇద్దరు ఆంధ్రప్రదేశ్ కార్మికులను కాపాడాలని దిగిన ఆటో డ్రైవరు కూడా వారితో పాటే ప్రాణం కోల్పోయాడు. డిటెక్టర్ మోగకుండా, కారణం జారిపడడమే అని స్పష్టంగా తెలిసినప్పుడు మాత్రమే దగ్గరికి వెళ్లి సాయం చేయండి.

9. బయటికి వచ్చాక

పని అయిపోయినట్టు అనిపించే ఈ అరగంటలోనే చలి గాయాలు ఎక్కువగా జరుగుతాయి. తడిసిన ప్యాంటు నిమిషాల్లో బిగుసుకుపోతుంది. గాలి తగలని చోట నిలబడి ముందు తడి సాక్సులు, తొడుగులు మార్చండి, తర్వాత మిగతా బట్టలు. తాళంచెవి, ఫోను ఒంటికి ఆనుకుని ఉన్న జేబులో పెట్టుకుని ఉండాలి, చలికి ఫోను బ్యాటరీ హఠాత్తుగా పడిపోతుంది.

వేళ్లు, చెవులు తెల్లబారి మొద్దుబారితే రుద్దవద్దు, మంచుతో అసలే రుద్దవద్దు, హీటరుకు ఆనించవద్దు. మళ్లీ గడ్డకట్టే అవకాశం లేని చోటికి చేరాకే 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీటిలో ఉంచి వైద్యుడి దగ్గరికి వెళ్లండి. వెచ్చదనం కోసం మద్యం తాగవద్దు, అది చర్మానికి వేడిని పంపి లోపలి వేడిని తగ్గిస్తుంది. చేతులు సబ్బుతో కడిగేదాకా ఏమీ తినవద్దు. గీరుకున్న గాయాలున్నవారు తర్వాతి రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే డ్రెయిన్ నీటిలో తిరిగామని వైద్యుడికి తప్పక చెప్పాలి.

అంతా సరిగా జరిగిందా అని తెలుసుకోవడానికి ఆ సాయంత్రం మూడు విషయాలు సరిచూడండి. సుద్ద గీతల్లో వేళలు, మట్టాలు రాసుకున్నవి చూస్తే నీరు పెరిగిందా తెలుస్తుంది. డిటెక్టర్‌లో నమోదైన అత్యధిక అంకెలు చూస్తే మీరు గమనించని క్షణం ఏదైనా ఉందా తెలుస్తుంది. మీరు రాసుకున్న సూచనను నిజంగా నమోదైన ఉష్ణోగ్రతతో పోల్చితే మీ అంచనా ఎంత తప్పిందో తెలుస్తుంది. మూడింటిలో ఏది తేడా వచ్చినా, ఏమీ జరగలేదు కదా అని దాన్ని వదిలేయకండి, కారణం దొరికేదాకా మళ్లీ వెళ్లకండి.

అనుమతి లేనివారు ఏం చేయవచ్చు

ఎక్కువమందికి అనుమతి దొరకదు, అది న్యాయమే. మినియాపొలిస్‌లో సెయింట్ ఆంథనీ జలపాతం పక్కనున్న మిల్ రూయిన్స్ పార్కులో పాత పిండి మిల్లుల నీటి కాలువలు, వాటి రాతి కమానులు అందరికీ కనబడేలా ఉన్నాయి. కంచె లోపలికి పోనవసరం లేకుండానే భూగర్భ నీటి నిర్మాణం ఎలా ఉంటుందో అక్కడ అర్థమవుతుంది. ఫోటోల కోసమైతే నది అవతలి ఒడ్డు నుంచి పొడవాటి లెన్సుతో, ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి సొరంగ ముఖాలను తీయండి. గట్టి చలి ఉన్న ఉదయం వాటి నుంచి లేచే ఆవిరి మీద తొలి ఎండ పడినప్పుడు వచ్చే చిత్రం లోపల ఫ్లాష్‌తో తీసినదాని కంటే బాగుంటుంది. కెమెరాను వెంటనే వెచ్చటి గదిలోకి తేకుండా సంచి మూసి ఉంచి తేండి, లేకపోతే లెన్సు లోపల తేమ చేరుతుంది.

నీటి పని మీద నిజమైన ఆసక్తి ఉన్నవారు అడాప్ట్-ఎ-డ్రెయిన్ కార్యక్రమంలో ఇంటి దగ్గరి జాలీని దత్తత తీసుకోవచ్చు. మంచు కురిశాక దాని మీది కుప్పను పారతో తొలగించి నీటికి దారి చేయాలి, జాలీని మాత్రం ఎత్తకూడదు. ట్రాఫిక్ ఉన్న వీధిలో మెరిసే జాకెట్ వేసుకుని కాలిబాట వైపు నుంచే పని చేయండి. తీసిన ఆకులు, చెత్త సంచిలో వేయండి, ఎంత చెత్త తీశారో ఆ కార్యక్రమం వెబ్‌సైటులో నమోదు చేయండి.